ప్లేస్‌మెంట్స్ వద్దు, గేమ్ చేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా గోడో అనే సాఫ్ట్‌వేర్‌లో ఏదో గేమ్ చేస్తుంటాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోడట, సొంతంగా గేమ్ చేసి అమ్ముతాడట. వాళ్ల నాన్నగారేమో "ఇదీ ఆ ఆన్‌లైన్ రమ్మీ బాపతే" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో బతుకుదెరువు ఉందా? - ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, ముందు రమ్మీ సంగతి తేల్చేద్దాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025లో చట్టం చేసింది. మీవాడు చేస్తున్నది వేరే పని. కథ, బొమ్మలు, సంగీతం, కోడ్ కలిపి ఒక వస్తువు తయారుచేసి, దానికి ధర పెట్టి అమ్మడం. ఈ మాట వాళ్ల నాన్నగారికి చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

ఇక ప్లేస్‌మెంట్స్. ఈ దారిలో వెళ్తానన్న పిల్లలు తరచూ చెప్పే పేరు స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే కుర్రాడు 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తిచేశాడు. ఉద్యోగం దొరక్క, ప్రోగ్రామింగ్ ప్రాక్టీసు కోసమని ఈ గేమ్ మొదలుపెట్టాడు. కోడు, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ తనొక్కడే చేశాడు. నాలుగున్నరేళ్లు పట్టింది. 2016 ఫిబ్రవరిలో విడుదలై, తర్వాత కోట్ల కాపీలు అమ్ముడైంది. పిల్లలు మనకు చెప్పేది ఇంతవరకే. ఆ రోజుల్లో అతను సియాటెల్‌లోని ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేసేవాడు, ఇంటి ఖర్చుకి తన ప్రియురాలి సంపాదన ఆసరాగా ఉండేది. 2013లో 'పేపర్స్, ప్లీజ్' అనే గేమ్ చేసిన లూకాస్ పోప్ అంతకుముందు ఒక పెద్ద స్టూడియోలో పనిచేసినవాడు. 2024లో ఊపేసిన 'బలాట్రో' గేమ్‌ని దాని సృష్టికర్త ఉద్యోగం చేసుకుంటూ సరదాగా మొదలుపెట్టాడు. అందరి వెనకా ఎక్కడో ఒక జీతం కనిపిస్తుంది.

లెక్క కూడా చూడండి. పీసీ గేములు ఎక్కువగా అమ్ముడయ్యే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్. అక్కడ గేమ్ పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది తిరిగొస్తుంది. అమ్మకంలో 30 శాతం స్టీమ్‌దే. 500 రూపాయల గేమ్ వెయ్యి కాపీలు పోయిందనుకుందాం. చేతికొచ్చేది మూడున్నర లక్షలు, అదీ పన్నులకు ముందు. రెండేళ్లు కష్టపడి ఉంటే నెలకు పదిహేను వేలు కూడా పడదు. పైగా 2024లో ఒక్క ఏడాదే స్టీమ్‌లో 18 వేలకు పైగా గేములు వచ్చాయి. వెయ్యి కాపీలే గగనం.

అందుకే నా మాట: ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోమనండి, గేమ్ మాత్రం ఆపించకండి. ఉద్యోగం వస్తే ఆఫర్ లెటర్‌లో ఒక షరతు జాగ్రత్తగా చదవాలి. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ అంతా కంపెనీదే అని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. సొంత గేమ్‌కి హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నోటిమాట చాలదు. గేమ్ స్టూడియోలోనే చేరతానంటే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) లాంటి పెద్ద గేమ్ కంపెనీ ఉంది. 2017లో 'అసుర' అనే గేమ్ విడుదల చేసిన ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో కూడా ఆ ఊరిదే.

మీవాడికి అసలు పని వచ్చో రాదో తెలుసుకోవాలంటే "ఎంత సంపాదిస్తావ్?" అని అడగకండి. "ఒక్కటైనా పూర్తి చేశావా? బయటివాళ్లెవరైనా ఆడారా?" అని అడగండి. చాలామంది పిల్లల దగ్గర ముప్పై శాతం దగ్గర ఆగిపోయిన గేములు అరడజను ఉంటాయి. మొదలుపెట్టడంలో మజా ఉంటుంది. మెనూలు, సేవ్ చేయడం, బగ్గులు సరిచేయడం దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోతారు. అనుభవమున్నవాళ్లు ముందు బొమ్మలు కూడా వేయరు. బూడిదరంగు డబ్బాలతో ఆట నమూనా కట్టి, దూకడం, పరిగెత్తడం బాగుందో లేదో చూస్తారు. అది బాగుంటేనే మిగతాది. 2018లో వచ్చిన 'సెలెస్ట్' మొదట ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆట. అది నచ్చాకే పెద్దది చేశారు.

తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ల చేత ఆడించాలి. వాళ్ల వెనక నిలబడాలి, నోరు విప్పకూడదు. "అక్కడ నొక్కండి" అని చెప్పాల్సి వచ్చిందంటే ఆ చోట గేమ్‌ని మార్చాలని అర్థం. స్నేహితుల "సూపర్ రా" ఇక్కడ పనికిరాదు.

అరగంటలో అయిపోయే చిన్న గేమ్ ఒకటి ఈ సెమిస్టర్ లోపు పూర్తిచేసి, చిన్న గేములు పెట్టుకునే ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌లో పెట్టమనండి, అక్కడ ఫీజు లేదు. స్టూడియో ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ లింకే ఎక్కువ పనికొస్తుంది. లక్షలు పోసి గేమింగ్ కోర్సులో చేర్చే ముందు కూడా ఇదే పరీక్ష పెట్టండి. ఏటా జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది, అపరిచితులతో కలిసి కొద్ది రోజుల్లోనే ఒక ఆట తయారుచేయాలి. దగ్గర్లో ఎక్కడైనా ఉంటే పంపండి. నిద్ర సరిగా ఉండదు, తిండీ అంతంతే. తిన్నావా అని గంటకోసారి మాత్రం ఫోన్ చేయకండి.