రేడియేషన్‌లో మెడ మీద తోలు ఊడుతోంది.. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. బుగ్గ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాక 30 సిట్టింగ్‌ల రేడియేషన్ రాశారు, 22 అయ్యాయి. మెడంతా నల్లబడింది, కాలర్ తగిలే చోట తోలు ఊడి నీరు కారుతోంది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నాం. మెడికల్ షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు, అదీ రాస్తున్నాం. మంట తట్టుకోలేక నిన్న, మొన్న వెళ్లలేదు. ఈ నలుపు పోతుందా? మంచి ఆయింట్‌మెంట్ చెప్పగలరు.
- ఒక పాఠకుడు, నల్గొండ

సమాధానం: నలుపు చాలావరకు పోతుంది, కాకపోతే నెలలు పడుతుంది. దాని గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు. మీరు మామూలుగా రాసేశారు కానీ, రెండు రోజులు వెళ్లలేదన్న మాట దగ్గర ఆగిపోయాను. నోరు, గొంతు క్యాన్సర్లలో రేడియేషన్‌కి మధ్యలో గ్యాప్ ఇస్తే, మిగిలిన క్యాన్సర్ కణాలు ఉంటే అవి ఆ సందులో మళ్లీ పుంజుకుంటాయి. పుండు మానాక వెళ్దాంలే అని ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదిది. ఆపాలో, కొనసాగించాలో పుండు చూసి మీ రేడియేషన్ డాక్టరే చెప్పాలి. రేపు పొద్దున్నే తీసుకెళ్లండి, పోయిన సిట్టింగ్‌లను ఎలా సర్దాలో వాళ్లు చూసుకుంటారు.

ఇక ఆ ట్యూబ్. పేరు రాయలేదు కానీ షాపులో చేతికిచ్చేవి చాలావరకు స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి కొట్టిన క్రీములే. రాసిన రోజు హాయిగానే ఉంటుంది. మేమూ కొందరికి స్టిరాయిడ్ క్రీమ్ రాస్తాం, కాదనను, అది తోలు ఊడకముందు, ఎర్రబడే దశలో. నీరు కారే పుండు మీద మీ అంతట మీరు రాస్తే లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరినా పైకి తెలియదు. పసుపు, నూనె సంగతీ అంతే, తడి పుండు మీద అట్టకడుతుంది, నర్సమ్మ దాన్ని వదిలించాలంటే మీ నాన్నగారికి నరకం. 22 సిట్టింగ్‌లు అక్కడికే వెళ్లొచ్చారు కదా, ఒక్కసారైనా నర్సుకి మెడ చూపించి ఏం రాయమంటారని అడగలేదా? ఇలాంటి పుండ్లు వాళ్లు రోజూ చూస్తారు, ఎవరూ తిట్టరు.

అందుకే ఆయింట్‌మెంట్ పేరు నేను ఇక్కడ రాయను, చూడకుండా రాయడం తప్పు. డాక్టరు చూసేదాకా ఆ రెండూ ఆపి, కాచి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో మెల్లగా కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో రుద్దకుండా అద్దండి. రేడియేషన్ కోసం చర్మం మీద గీసిన మార్కింగ్‌లు ఉంటే చెరపకండి. అంటుకోని రకం డ్రెస్సింగ్ వేసి మెడ చుట్టూ వదులుగా బ్యాండేజీ చుట్టాలి, ప్లాస్టర్ మాత్రం చర్మానికి తగలకూడదు, తీసేటప్పుడు బాగున్న తోలు కూడా లేచొస్తుంది. గాజు గుడ్డ అంటుకుపోతే లాగకుండా సెలైన్‌తో తడిపి, నానాక తీయండి. కాలర్ చొక్కాలు పక్కన పెట్టి మెడ వెడల్పున్న కాటన్ బనియన్ వేయండి. బ్లేడుతో గడ్డం గీయొద్దు. ఐసు పెట్టొద్దు. ఎండలోకి వెళ్తే గొడుగు. సిట్టింగ్‌కి ముందు ఏదీ మందంగా పూయొద్దు, చర్మానికి పడే డోసు పెరుగుతుంది. ఖైనీ, సిగరెట్ అలవాటు ఇంకా ఉంటే పుండు త్వరగా మానదు, ఆ మాట ఆయన్నే నిలదీసి అడగండి.

మరో సంగతి, చివరి సిట్టింగ్ అయిపోయాక కూడా వారం, పది రోజులు మెడ ఇంకా ముదిరినట్టే కనిపిస్తుంది. ఏదో అయిపోయిందని అప్పుడు మళ్లీ మెడికల్ షాపుకి పరిగెత్తకండి. ఆ తర్వాత మూడు, నాలుగు వారాల్లో సాధారణంగా కొత్త తోలు వస్తుంది.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, చీము, దుర్వాసన, రక్తం కనిపించినా, మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేడియేషన్‌తో పాటు కీమో కూడా నడుస్తుంటే రాత్రయినా సరే ఆగొద్దు, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తగ్గిపోయి ఉండొచ్చు. తిండి గురించి మీరేమీ రాయలేదు. రేపు వెళ్లినప్పుడు బరువు చూపించండి, చిక్కిపోయి ముఖానికి బిగించే మాస్క్ వదులైందేమో కూడా టెక్నీషియన్‌ని అడగండి, వదులైతే కొత్తది చేయాల్సి రావచ్చు.