మావాడికి కంప్యూటర్లు అబ్బవేమోనని భయంగా ఉంది

ప్రశ్న: మాది గాజువాక. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడు. ప్రాజెక్టు కోసం ల్యాప్‌టాప్‌లో వెబ్ సర్వర్ పెట్టుకున్నాడు. నాలుగు రోజులైంది, పేజీ రావడం లేదు. వాడు రాసిన పీహెచ్‌పీ కోడే బ్రౌజర్‌లో కనిపిస్తోంది. సరిగ్గా తినడం లేదు. ద్వారకానగర్‌లో ఏఐ కోర్సు ఎనభై వేలు అంటున్నారు. ఈ సర్వర్ల గొడవ మాన్పించి అందులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. ముందు మీ భయం సంగతి.

తప్పు బహుశా అబ్బాయి కోడ్‌లో లేదు. కోడ్ తప్పయితే ఎర్రర్ వస్తుంది, లేదా తెల్ల పేజీ వస్తుంది. కోడే కనబడుతోందంటే సర్వర్ (అడిగినవాళ్లకు పేజీలు పంపే ప్రోగ్రామ్) దాన్ని పీహెచ్‌పీ (ఆ కోడ్‌ని నడిపి పేజీగా మార్చేది) చేత నడిపించకుండా ఉన్నదున్నట్టు పంపేసిందన్నమాట. పెసరట్టు అడిగితే పిండి గిన్నె తెచ్చి టేబుల్ మీద పెట్టినట్టు.

ఇలా వచ్చే పిల్లల్ని నేను ముందు అడిగేది, అడ్రస్ బార్‌లో ఏముంది అని. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అక్కడ 'ఫైల్' అని మొదలవుతుంది, సర్వర్‌కి ఆ సంగతే తెలియదు. ఎక్సాంప్ (అపాచీ అనే సర్వర్, పీహెచ్‌పీ కలిపి వచ్చే ప్యాకేజీ) అయితే ఫైల్‌ని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో పెట్టి, లోకల్‌హోస్ట్ అని టైప్ చేసి తెరవాలి. అది సరిగ్గానే ఉంటే ఫైల్ పేరు చివర డాట్ పీహెచ్‌పీ ఉందో లేదో, కోడ్ మొదట్లో ప్రశ్న గుర్తు పక్కన 'పీహెచ్‌పీ' అని పూర్తిగా రాశాడో లేదో చూడమనండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు లినక్స్ ఉంటే, అపాచీకి పీహెచ్‌పీని కలిపే మాడ్యూల్ వేరే ప్యాకేజీ. అది వేసి, అపాచీని రీస్టార్ట్ చేయాలి. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో సర్వర్ అయితే సొంతంగా పీహెచ్‌పీ నడపలేదు, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే వేరే ప్రోగ్రామ్‌కి పంపమని కాన్ఫిగ్‌లో రాయాలి. ఇదే తప్పు ఇంటర్నెట్‌లో ఉన్న సర్వర్ మీద జరిగితే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా బయటపడొచ్చు, అది మాత్రం వాడికి గట్టిగా చెప్పండి.

2007 ఆగస్టులో ఫేస్‌బుక్ హోమ్ పేజీ పీహెచ్‌పీ కోడ్ ఇలాగే, సర్వర్ సెట్టింగ్ తప్పు వల్ల కొందరికి కనిపించింది. వాళ్ల ఇంజినీర్లకు కంప్యూటర్లు అబ్బలేదంటామా?

ఇక ఏఐ. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల నోట ఇదే మాట. ఏఐ చెడ్డదని నేననను. కానీ మూడు నెలల కోర్సులంటే నాకు అనుమానమే. ఎవరో రాసిన కోడ్ నోట్‌బుక్‌ని కంప్యూటర్‌లో రన్ చేయించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. "నువ్వు చేసిన ఏఐ మోడల్‌ని ఇంకొకరు వాడాలంటే ఎలా?" అని అడిగితే ఆ పిల్లలు నీళ్లు నములుతారు. దాన్ని కూడా ఏదో ఒక సర్వర్ మీదే పెట్టాలి కదా! అసలు ఏఐకి కావలసింది ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా. అవి ఎన్‌పీటీఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో ఉచితంగా చదువుకోవచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు.

కాస్త కటువుగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో కోర్సు ఎక్కడో ఉంది, ఫీజు ఎంతో ఉంది, అబ్బాయికి ఏది ఇష్టమో ఎక్కడా లేదు. నాలుగు రోజులుగా ఒక తప్పును పట్టుకుని వదలకుండా కూర్చున్నాడంటే మీరు భయపడాలా చెప్పండి? ఆ పట్టుదల లేకే చాలామంది మూడో ఏడులో నా దగ్గరికొస్తారు. కోర్సు ఫీజులు నాకు చెప్పడం మానేసి, ముందు మీవాడి పక్కన ఓ పది నిమిషాలు కూర్చోండి.

పోలిక అడిగారు కదా, రెండో ఏడు పిల్లవాడికి అది ఇప్పుడే అక్కర్లేదు. ఈ రాత్రి భోజనానికి పిలిచి, అడ్రస్ బార్‌లో ఏముందో చదివి వినిపించమనండి. ప్రాజెక్టు అయ్యాక వాడే ఏఐ కావాలంటే ఇద్దరూ కలిసి రండి. ఎనభై వేలు అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.