పాఠాల పట్టిక ఎలా తయారవుతుంది?

ప్రశ్న: మేము చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్ళం. మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆలయంలో పొద్దున తమిళ ఆరాధన, దాని తరువాత తెలుగు ఆరాధన జరుగుతాయి. రెండింటిలోనూ అల్మనాక్‌లో, అంటే సంఘం ఏటా వెలువరించే పంచాంగంలో, అచ్చయిన పాఠాలే చదువుతారు. నెలకొకసారి పాత నిబంధన పాఠం చదివే వంతు నాది. కతోలిక కుటుంబం నుంచి వచ్చిన మా పెద్దకోడలు, తమ పూజలో ఆదివారపు పఠనాలు మూడేళ్ళకొకసారి తిరిగి వస్తాయంటుంది. బెంగళూరులో మా చిన్నబ్బాయి వెళ్ళే సంఘంలో మాత్రం పాస్టరు గారే వారంవారం వాక్యభాగాన్ని ఎంచుకుంటారట. ఈ పద్ధతులు ఇలా వేరువేరుగా ఎందుకున్నాయి? ముప్పై ఏళ్ళుగా చదువుతున్నా ఎస్తేరు గ్రంథం ఒక్కసారీ నా వంతుకు రాలేదు, కారణమేమిటి?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పాఠాన్ని క్రమం ప్రకారం చదివే అలవాటు మనకు యూదుల సమాజమందిరాల నుంచి వచ్చింది. మోషే గ్రంథాలను, అంటే బైబిలులోని మొదటి ఐదు పుస్తకాలను, ప్రతి విశ్రాంతిదినాన అక్కడ చదివేవారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలోనే ఉంది. తరువాతి కాలంలో బబులోను యూదులు వాటిని ఒక ఏడాదిలో పూర్తిచేస్తే, పాలస్తీనాలో సుమారు మూడేళ్ళు తీసుకునేవారు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్, ఆదివారపు కూడికలో అపొస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల గ్రంథాలనో సమయం ఉన్నంతసేపు చదివేవారని రాశాడు. పండుగలు పెరిగేకొద్దీ ఏ పండుగకు ఏ భాగం అన్నది స్థిరపడి, వరుసగా చదివే పద్ధతి వెనక్కి తగ్గింది.

మీ కోడలు చెప్పిన మూడేళ్ళ క్రమం మాత్రం కొత్తదే. అంతకుముందు శతాబ్దాల తరబడి రోమను కతోలికుల ఆదివారపు పూజలో ఏటా అవే పత్రిక, సువిశేష పఠనాలు తిరిగి వచ్చేవి. ఆదివారం నాడు పాత నిబంధన వినబడడమే అరుదు. బైబిలు భాండారాన్ని విశ్వాసుల ముందు మరింత ధారాళంగా తెరవాలని కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో కోరగా, 1969లో కొత్త పట్టిక వెలువడింది. అందులోని మూడేళ్ళకు ఎ, బి, సి అని పేర్లు. దాని ప్రకారం ఎ-సంవత్సరంలో మత్తయి, బి-లో మార్కు, సి-లో లూకా చదువుతారు; యోహాను సువార్త ముఖ్యంగా ఈస్టరుకు ముందరి తపస్సు కాలానికీ, ఆ తరువాతి పునరుత్థాన కాలానికీ దక్కింది. మార్కు చిన్నది కాబట్టి బి-సంవత్సరం మధ్యలో యోహాను 6వ అధ్యాయాన్ని ఐదు ఆదివారాలు చదువుతారు. 2024లో జూలై 28 నుంచి ఆగస్టు 25 దాకా అదే జరిగింది. ఏది ఏ సంవత్సరమో తెలియడానికి చిన్న లెక్క ఉంది: సంవత్సర సంఖ్యను 3తో భాగిస్తే శేషం లేకపోతే అది సి, ఒకటి మిగిలితే ఎ, రెండు మిగిలితే బి. అయితే ఆ సంవత్సరం జనవరిలో కాక, అంతకుముందరి ఆగమన కాలపు (క్రిస్మసుకు ముందరి వారాల) మొదటి ఆదివారంతో మొదలవుతుంది. అందుకే 2026కు చెందిన ఎ-సంవత్సరం 2025 నవంబరు 30నే ఆరంభమైంది.

ఈ పట్టికను ఆధారంగా తీసుకొని ఉత్తర అమెరికా సంఘాలు 1983లో ఒక ఉమ్మడి పట్టికను రూపొందించి, దాన్ని సవరించి 1992లో ‘రివైజ్డ్ కామన్ లెక్షనరీ’గా వెలువరించాయి. కతోలిక పట్టికలో పాత నిబంధన భాగాన్ని చాలావరకు ఆనాటి సువార్తకు జోడీగానే ఎంచుతారు కాబట్టి దావీదు కథ గాని, యిర్మీయా ఆవేదన గాని మొదటి నుంచి చివరి దాకా వినబడవు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఉమ్మడి పట్టికలో, పెంతెకొస్తు తరువాతి ఆదివారాలకు వరుస పఠనాన్ని కూడా ఇచ్చారు: ఒక ఏడు పితరులు, మోషే, మరుసటి ఏడు దావీదు, సొలొమోను, మూడవ ఏడు ప్రవక్తలు. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు, ఎందుకంటే పాత నిబంధనకు తనదైన గొంతు ఉంది.

మీ సి.ఎస్.ఐ. సంఘం 1947 సెప్టెంబరు 27న మీ చెన్నైలోనే, సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఏర్పడింది. దాని పట్టిక వేరు: ప్రతి ఆదివారానికీ ఒక అంశం ఉంటుంది, పాఠాలు ఆ అంశం చుట్టూ కూర్చబడతాయి. తమిళంలో విన్నవారూ తెలుగులో విన్నవారూ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకే వాక్యం గురించి మాట్లాడుకోగలగడం చిన్న మేలు కాదు.

మీ చిన్నబ్బాయి సంఘం పద్ధతికీ పాత మూలాలున్నాయి. 1519లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ నిర్ణీత పాఠాలను పక్కనపెట్టి, మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుంచి వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. పాస్టరు గారు అలా ఒక గ్రంథాన్ని పట్టుకొని పూర్తిచేస్తుంటే అభ్యంతరపెట్టవలసిందేమీ లేదు. కానీ ఏ వారానికి ఆ వారం తోచిన భాగాన్ని తీసుకుంటే, బోధకునికి ప్రియమైన కొన్ని అధ్యాయాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. తనకు కష్టమైన వాక్యాన్ని ఆయన ఎదుర్కోవలసిన అవసరమే రాదు. అందుకే నేను పట్టిక పక్షాన ఉంటాను.

అయినా పట్టికలోనూ వెలితి ఉంది. కతోలికుల ఆదివారాల్లో ఎస్తేరు లేదు. తపస్సు కాలం మొదటి వారపు గురువారం నాడు మాత్రం ఎస్తేరు రాణి ప్రార్థన వినిపిస్తుంది. ఉమ్మడి పట్టికలో మూడేళ్ళకు ఒక్క ఆదివారం, అదీ వరుస పఠనాన్ని ఎంచుకున్న సంఘాల్లోనే వస్తుంది. అక్కడ రాసి ఉన్నది చూడండి: 7వ అధ్యాయం 1–6, 9–10 వచనాలు, 9వ అధ్యాయం 20–22. ఆ మొదటి కామా దగ్గర రెండు వచనాలు జారిపోయాయి: రాజు కోపంతో తోటలోకి వెళ్ళడం, తిరిగివచ్చి, యూదులను చంపించబోయిన మంత్రి హామాను ఎస్తేరు కూర్చున్న పాన్పు మీద పడి ఉండడం చూడడం. ఇక 4వ అధ్యాయంలో, ఎస్తేరును పెంచిన మొర్దెకై ఆమెకు పంపిన హెచ్చరిక, ఉపవాసం ఉండమని ఆమె కోరడం అసలు రానే రావు. ఈసారి మీ వంతు వచ్చినప్పుడు, అల్మనాక్‌లో మీ పాఠం పక్కన కామా ఉందేమో శనివారమే చూసుకొని, మధ్యలో దాటిన వచనాలను ఇంట్లో పైకి చదవండి. ఎస్తేరునైతే పది అధ్యాయాలూ ఒక్క సాయంత్రంలో పూర్తిచేయవచ్చు.