గణితంలో నిజం దేని మీద నిలబడుతుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని బడిలో నిరూపించి మరీ చెప్పారు. గోళం మీద గీస్తే 270 కూడా రావచ్చని ఈమధ్య చదివాను. మరి నిరూపించింది అబద్ధమైపోయినట్టేనా?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: కాలేదు. బడిలో చేసిన నిరూపణను ఒకసారి తిరగేయండి. ఒక శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీసి, ఏకాంతర కోణాలు సమానమన్న సంగతి వాడుకుంటారు. అలా వాడుకునే వీలు యూక్లిడ్ ఐదో స్వీకృతం (ఒక బిందువు గుండా ఒక రేఖకు ఒకే ఒక్క సమాంతర రేఖ ఉంటుందని నిరూపణ లేకుండానే ఒప్పుకునే మాట) వల్ల వచ్చింది. గోళం మీద సరళరేఖల పాత్ర మహావృత్తాలది, అంటే గోళ కేంద్రమే కేంద్రంగా ఉన్న వృత్తాలది. ఏ రెండు మహావృత్తాలైనా ఖండించుకుంటాయి కాబట్టి అక్కడ సమాంతర రేఖే దొరకదు. ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాలు దించితే, మూడూ లంబకోణాలే ఉన్న త్రిభుజం వస్తుంది. నిరూపణలో లోపమేమీ లేదు. అది ఆధారపడ్డ షరతే గోళం మీద చెల్లదు.

ఆ ఐదో స్వీకృతాన్ని మిగతావాటి నుంచి రాబట్టాలని దాదాపు రెండు వేల ఏళ్లు ప్రయత్నించారు. 1829లో లోబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ దాన్ని పక్కనపెట్టి వేరే జ్యామితినే ప్రచురించారు. 1868లో బెల్ట్రామీ ఆ కొత్త జ్యామితికి యూక్లిడ్ జ్యామితి లోపలే ఒక నమూనా కట్టి చూపించాడు. దాంతో కొత్తదాంట్లో వైరుధ్యం ఉంటే పాతదాంట్లోనూ ఉండి తీరాలని తేలింది. అప్పటి నుంచి ఒక గణిత వాక్యం నిజమా అని అడిగే ముందు, ఏ నిర్మాణం గురించి చెబుతున్నారో అడగక తప్పలేదు. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి చిక్కుముడి అక్కడే ఉంది.

ప్రశ్న: కంప్యూటర్ కోట్ల సంఖ్యలను సరిచూసి ఒక్క తేడా కూడా లేదని చెప్పాక ఇంకా నిరూపణ దేనికి? సైన్సులో అంతకంటే తక్కువ ఆధారంతోనే ఒప్పుకుంటారు కదా.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఏదైనా ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలపండి. 0తో మొదలుపెడితే 41, 43, 47, 53... అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా ఒక్కటీ తప్పదు. 40 దగ్గర 1600 + 40 + 41 = 1681. అది 41 × 41.

నలభై సార్లు సరిచూడటం ఏ మూలకంటారా? 1919లో పోయా అనే గణితజ్ఞుడు ఒక ఊహ చేశాడు. 2 నుంచి పైన ఏ హద్దు తీసుకున్నా, 1 నుంచి అక్కడిదాకా ఉన్న సంఖ్యల్లో కనీసం సగానికి ప్రధాన కారణాంకాల లెక్క బేసి అవుతుందని దాని సారం (12 అంటే 2 × 2 × 3 కాబట్టి లెక్క మూడు). అది తప్పని 1958లో హేసెల్‌గ్రోవ్ నిరూపించాడు. మొట్టమొదట అది తప్పేది 90,61,50,257 దగ్గర అని 1980లో తనాకా తేల్చాడు. అంటే తొంభై కోట్ల దాకా సరిచూసినవాళ్లకు ఒక్క తేడా కూడా కనబడదు.

సైన్సులో నమూనాను అన్ని రకాల పరిస్థితుల నుంచీ ఏరుకోవచ్చు. సహజ సంఖ్యల్లో మనం సరిచూడగలిగేది ఎప్పుడూ మొదటి కొసే. పైగా సంఖ్యా సిద్ధాంతంలో చాలా రాశులు సంవర్గమానం లాగా మహా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి చిన్న సంఖ్యల ప్రవర్తన పెద్దవాటికి మంచి సూచిక కాదు. అలాగని సరిచూడటం దండగ కాదు. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమన్న గోల్డ్‌బాక్ ఊహను 4 పక్కన 18 సున్నాలున్నంత దూరం సరిచూశారు. అయితే గణితజ్ఞులు దాన్ని నమ్మడానికి అంతకంటే బలమైన కారణం వేరే ఉంది. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ దాన్ని అలా విడగొట్టే మార్గాలూ పెరుగుతూ పోతాయని సంభావ్యతా లెక్కలు సూచిస్తున్నాయి.

ప్రశ్న: గోడెల్ సిద్ధాంతం వచ్చాక గణితంలో దేన్నీ పూర్తిగా నమ్మలేమని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: గోడెల్ ఆ మాట అనలేదు. 1931 నాటి సిద్ధాంతాన్ని దాని షరతులతో సహా చెప్పుకోవాలి. స్వీకృతాల జాబితాలో వైరుధ్యం ఉండకూడదు. ఒక వాక్యం ఆ జాబితాలో ఉందో లేదో యాంత్రికంగా తేల్చగలగాలి. కూడిక, గుణకారం రెండూ ఉన్న కనీస అంకగణితం అందులో ఇమడాలి. ఈ మూడూ ఉంటే, ఆ వ్యవస్థ నిరూపించలేని, కాదని కూడా నిరూపించలేని వాక్యం ఒకటి ఉండి తీరుతుంది. ఈ షరతులను వదిలేసి మాట్లాడటం వల్లే ఉపన్యాసాల్లో పొరపాట్లు వస్తాయి. గుణకారం తీసేసి కూడికే ఉంచితే ఆ అంకగణితం సంపూర్ణమని, అంటే అందులోని ప్రతి వాక్యాన్నీ అవుననో కాదనో నిరూపించవచ్చని ప్రెస్‌బర్గర్ 1929లోనే నిరూపించాడు.

అలా అందకుండా పోయే వాక్యం ఎలా ఉంటుందో చూద్దాం. 4ను 2 ఆధారంగా రాస్తే 2². ఇప్పుడు ఘాతంతో సహా ప్రతి 2నూ 3 చేయండి. 3³, అంటే 27 వచ్చింది. ఒకటి తీసేస్తే 26. దీన్ని 3 ఆధారంగా రాస్తే 2×3² + 2×3 + 2. ఇక 3 ఉన్నచోటల్లా 4 పెట్టి ఒకటి తీసేయండి, 41 వస్తుంది. తర్వాత 60, 83, 109. ఇక్కడ జనం తరచూ తప్పేది ఒకచోట: ఆధారమైన సంఖ్యనే మార్చాలి, దానికంటే చిన్నవైన గుణకాలను, ఘాతాలను ముట్టుకోకూడదు.

చూడబోతే ఈ వరుసకు అంతు ఉండదనిపిస్తుంది. కానీ ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి సున్నాకు చేరుతుందని గుడ్‌స్టీన్ 1944లో నిరూపించాడు. 3తో అయితే 3, 3, 3, 2, 1, 0 అని ఇట్టే అయిపోతుంది. 4తో పట్టే అడుగుల సంఖ్యను రాయడానికే 12 కోట్లకు పైగా అంకెలు కావాలి. నిరూపణ కిటుకు ఇదీ: ప్రతి మెట్టులోనూ ఆధారం స్థానంలో అనంత క్రమసంఖ్య (మామూలు సంఖ్యలన్నిటి తర్వాత వరుసలో వచ్చే సంఖ్య) ఒకటి పెడితే, ఆధారం పెంచినందువల్ల దాంట్లో మార్పేమీ రాదు. ఒకటి తీసేసినప్పుడు మాత్రం అది తగ్గుతుంది. క్రమసంఖ్యలు అంతులేకుండా తగ్గుతూ పోలేవు.

1982లో కర్బీ, పారిస్ చూపించిందేమంటే, ఈ సిద్ధాంతాన్ని పియానో అంకగణితంలో, అంటే మామూలు గణితానుగమనంతో నిరూపించలేం. 4 కథను విడిగా ఆ వ్యవస్థలోనే నిరూపించవచ్చు, 5 కథనూ నిరూపించవచ్చు. 'ప్రతి సంఖ్యకూ' అన్న వాక్యమే దానికి అందదు. అంటే ఒక జాబితాకు అందని నిజాన్ని ఇంకా బలమైన జాబితాతో నిరూపించాం. ఇందులో నమ్మకం సడలాల్సిందేమీ లేదు. కూలిపోయింది ఒకే అభిప్రాయం: సహజ సంఖ్యల విషయంలో నిజమంటే ఏదో ఒక స్థిరమైన స్వీకృతాల జాబితా నుంచి రాబట్టగలగడమేనన్నది.

ప్రశ్న: 3 అనే సంఖ్య నిజంగా ఉందా, మన కల్పనా? ఏదో ఒక పక్షం తేల్చి చెప్పండి.
– తత్వశాస్త్ర విద్యార్థిని

జవాబు: సంఖ్యలు దేశకాలాలతో సంబంధం లేకుండా ఉన్నాయనేది ప్లేటోవాదం. దాని బలం తేలిగ్గానే కనబడుతుంది. '3కూ 10కీ మధ్య రెండు ప్రధాన సంఖ్యలున్నాయి' అన్న వాక్యాన్ని 'రెండు చెట్ల మధ్య ఒక బావి ఉంది' అన్నట్టే అర్థం చేసుకోవచ్చు. బలహీనతను తత్వవేత్త బెనసెరాఫ్ 1973లో సూటిగా పట్టుకున్నాడు. సంఖ్యలు దేన్నీ తాకవు, దేనికీ కారణం కావు. మరి వాటి గురించి మనకు ఎలా తెలిసింది? తెలియడం తేలిక చేద్దామని నిజమంటే నిరూపణేనంటే, పైన గోడెల్ అడ్డు తగులుతాడు. నిజమంటే ఏమిటో చెప్పే మార్గం తెలుసుకోవడాన్ని కష్టం చేస్తుంది, తెలుసుకోవడాన్ని వివరించే మార్గం నిజాన్ని కుదిస్తుంది.

పోనీ సంఖ్యలన్నీ సమితులేనందామా? 1965లో బెనసెరాఫే దానికీ అడ్డుపడ్డాడు. అలా కట్టే పద్ధతులు జెర్మెలోది, వాన్ నాయ్‌మన్‌ది అని రెండున్నాయి. రెండింటిలోనూ 0 శూన్య సమితే. జెర్మెలో పద్ధతిలో 3 అంటే 2 ఒక్కటే ఉన్న సమితి. వాన్ నాయ్‌మన్ పద్ధతిలో 0, 1, 2 ఉన్న సమితి. లెక్కలన్నీ రెండింటిలోనూ ఒకేలా వస్తాయి. కానీ 1 అనేది 3లో మూలకమా అని అడిగితే మొదటిది కాదంటుంది, రెండోది అవునంటుంది. రెండూ సరి కాలేవు, ఒకదాన్ని ఎంచుకోవడానికి కారణమూ లేదు.

దీన్నుంచి వచ్చిందే నిర్మాణవాదం. చదరంగంలో గుర్రం చెక్కదా, దంతందా అన్నది ఆటకు పట్టదు. అది ఎలా కదులుతుందన్నదే దాని గుర్తింపు. అలాగే 3 అంటే 2కీ 4కూ మధ్య ఉన్న స్థానం. కాదు, సంఖ్యలసలు లేవు, సౌకర్యం కోసం వాడుకుంటున్నామంటాడు ఫీల్డ్ అనే తత్వవేత్త. 1980లో న్యూటన్ గురుత్వ సిద్ధాంతాన్ని సంఖ్యలు లేకుండా రాసి చూపించే పనికి దిగాడు. గొప్ప శ్రమే. కానీ క్వాంటం సిద్ధాంతానికి అదే పని చేయగలరా అన్న అభ్యంతరం వెంటనే వచ్చింది, ఫీల్డ్ కంటే ముందే ఉన్న క్వైన్, పట్నమ్ అనే తత్వవేత్తల వాదానికి అది ఊతమిచ్చింది: సైన్సుకు తప్పనిసరైనదాన్ని లేదనడం కుదరదు.

పక్షం అడిగారు కాబట్టి చెబుతున్నాం. సహజ సంఖ్యల విషయంలో మేం నిర్మాణవాదం వైపే. అనుగమనాన్ని సంఖ్యల అన్ని సమితులకూ వర్తింపజేస్తే, సహజ సంఖ్యల స్వీకృతాలను తీర్చే ఏ రెండు నిర్మాణాలైనా ఒకే రూపంలో ఉంటాయని డెడెకిండ్ 1888లో నిరూపించాడు. అందువల్ల గోల్డ్‌బాక్ ఊహ, మనకు తెలిసినా తెలియకపోయినా, అవునో కాదో ఏదో ఒకటి. అంత ధీమా సమితుల విషయంలో మాకు లేదు. సహజ సంఖ్యల సమితికీ వాస్తవ సంఖ్యల సమితికీ మధ్య పరిమాణంలో మరో అనంతం ఉందా అన్న కాంటర్ ప్రశ్నకు ఇప్పుడు వాడుతున్న స్వీకృతాలు జవాబు చెప్పలేవు. లేదనుకుంటే వైరుధ్యం రాదని గోడెల్, ఉందనుకున్నా రాదని 1963లో కోహెన్ చూపించారు. అక్కడ నిర్మాణం ఒకటేనా అన్నదే తేలని సంగతి.

ప్రశ్న: 'అయితే ఇది, లేకపోతే అది' అని రెండు దారులు చెప్పి, ఏది సరైనదో చెప్పకుండానే నిరూపణ అయిపోయిందంటారు. ఇది ఒప్పేనా?
– బీఎస్సీ విద్యార్థి

జవాబు: మీ అసంతృప్తే గణితజ్ఞుడు బ్రౌవర్ 1908 నుంచి చేసిన వాదం. ఉదాహరణకు, ఒక కరణీయ సంఖ్యను కరణీయ ఘాతానికి హెచ్చిస్తే అకరణీయ సంఖ్య రాగలదా? √2ను √2 ఘాతానికి హెచ్చించండి. ఫలితం అకరణీయమైతే పని అయిపోయింది. కరణీయమైతే దాన్ని మళ్లీ √2 ఘాతానికి హెచ్చించండి, ఘాతాలు గుణించుకుని √2 వర్గం, అంటే 2 వస్తుంది. ఎటుచూసినా ఉదాహరణ ఉంది, ఏదో మాత్రం తెలియలేదు.

మామూలు గణితంలో ఇది పూర్తి నిరూపణే. బ్రౌవర్ పక్షం వస్తువును చేతికివ్వమంటుంది. ఇక్కడ ఇవ్వవచ్చు కూడా. √2ను, 2 ఆధారంగా 9కి ఉన్న సంవర్గమానం ఘాతానికి హెచ్చిస్తే సరిగ్గా 3 వస్తుంది. ఆ సంవర్గమానం అకరణీయమైతే 2 ఘాతం ఒకటి 9 ఘాతానికి సమానం కావాలి. మొదటిది సరి, రెండోది బేసి, కాబట్టి కుదరదు. ఇక మొదటి నిరూపణలోని రెండు దారుల్లో సరైనది రెండోదేనని, 1934లో గెల్‌ఫాండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన సిద్ధాంతం చెబుతుంది.