మెడ మీద కాలినట్టు చార పడిందా? అది సర్పి కాకపోవచ్చు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కోనసీమ. ఇంటి వెనకాలే వరిచేలు. సార్వా కోతలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున లేచేసరికి నా మెడ మీద కాలిన అట్లకాడ తగిలినట్టు ఎర్రటి చార, మర్నాటికి దాని మీద చీము పొక్కులు. మా అత్తగారు సర్పి అని దాని మీద రంగు రాయించారు. ఇప్పుడు మా అయిదేళ్ల బాబుకి కన్ను వాచింది. నా నుంచే అంటుకుందా? మా ఆయన ఇంట్లో, చేలో మందు కొట్టిస్తానంటున్నారు. కొట్టించమంటారా?

జవాబు: ముందు బాబు సంగతి చూడండమ్మా. కన్ను మంచినీళ్లతో బాగా కడిగి, నులుముకోనివ్వకుండా ఈరోజే కంటి డాక్టరుకి చూపించండి. చాలామందికి రెప్పల వాపుతోనే పోతుంది, చూపుకి ఏమీ కాదు, కానీ నల్లగుడ్డు మీద పుండు పడిందేమో పరీక్ష చేసి చూడాలి. మీ మెడకి రాసే క్రీమ్ బాబు రెప్పల మీద రాయొద్దు, ఇంట్లో ఉన్న పాత కంటి చుక్కలు వేయొద్దు.

మీరు రాసినదాన్ని బట్టి మీ మెడ మీదది సర్పి కాదు. వరిచేలో ఉండే రోవ్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు వల్ల వచ్చింది. రాత్రి ట్యూబ్‌లైటు కింద గోడ మీద చూడండి, కనిపిస్తుంది. పొడవు సెంటీమీటరు లోపే, సన్నగా ఉంటుంది, తల నలుపు, మెడ నారింజ రంగు, నడుం దగ్గర నీలంగా మెరిసే పొట్టి రెక్కలు, ఆ తర్వాత మళ్లీ నారింజ, తోక చివర నలుపు. కాగితంతో కదిపితే తోక పైకెత్తి పరుగెడుతుంది, అది చూసి కుడుతుందని భయపడతారు. కుట్టదు, కరవదు.

విషం దాని రక్తంలో ఉంటుంది, పేరు పెడెరిన్. నిద్రమత్తులో మెడ మీద ఏదో పాకుతోందని చేత్తో రుద్దేస్తాం, పురుగు నలుగుతుంది, చెయ్యి ఎటు పోతే చార అటు పడుతుంది. అప్పటికేమీ తెలియదు. మంట మొదలయ్యేది 12 నుంచి 36 గంటల తర్వాత, అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లలో పురుగు సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. మోచేతి లోపల పడితే, చెయ్యి ముడిచినప్పుడు ఆనుకునే రెండు వైపులా ఒకేలాంటి పుండు వస్తుంది, అది చూశాక నాకు ఇంక అనుమానం ఉండదు. సర్పి అలా కాదు. ఒకప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్సే నరంలో దాక్కుని మళ్లీ లేస్తుంది, సాధారణంగా రెండు మూడు రోజులు ముందే నొప్పి పెట్టి, తర్వాత ఒంటికి ఒకపక్కే పొక్కులు వస్తాయి.

బాబుకి మీ నుంచి అంటలేదు. పొక్కుల నీటిలో ఆ విషం ఉండదు కాబట్టి వాణ్ని దగ్గరికి తీసుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. వాడు కూడా ఎక్కడో పురుగుని నలిపి అదే చేత్తో కన్ను నులుముకుని ఉంటాడు.

మీ మెడకి: సబ్బుతో మెల్లగా కడగండి, రాయించిన రంగు కూడా పోవాలి. చల్లటి తడిగుడ్డ రోజుకి నాలుగైదుసార్లు వేయండి. పొక్కులు చిదమకండి. మీ ఊరి డాక్టరుకి చూపిస్తే తక్కువ మోతాదు స్టెరాయిడ్ క్రీమ్ కొద్దిరోజులకి రాస్తారు, దురదకి మాత్ర ఇస్తారు, చీము ఎక్కువగా ఉంటే యాంటీబయాటిక్ కూడా. మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చుకోవద్దు. సున్నం, టూత్‌పేస్టు అసలు పెట్టకండి. రెండు మూడు వారాల్లో మానుతుంది. నల్లమచ్చ ఇంకొన్నాళ్లు ఉండి పోతుంది, దానికోసం నిమ్మకాయ రుద్దొద్దు.

ఇక మందు కొట్టించడం గురించి. వద్దమ్మా, ఇంట్లోనూ వద్దు, చేలోనూ వద్దు. ఈ పురుగు చచ్చి ఎండిపోయినా దానిలో విషం పోదు, మందు కొడితే ఆ కళేబరాలు మీ దుప్పట్ల మీదే రాలతాయి. చేలో అయితే ఇది మీ ఆయనకి పైసా ఖర్చు లేకుండా పనిచేసే మిత్రపురుగు. వరి దుబ్బుల మీద తిరుగుతూ, పైరు రసం పీల్చే సుడిదోమని, పచ్చదోమని పట్టి తింటుంది. దోమపోటుకి ఇష్టమొచ్చినట్టు మందు కొడితే ముందు చచ్చేది ఇలాంటివీ సాలీళ్లూ, ఆ తర్వాత తినేవాళ్లు లేక దోమ ఇంకా పెరుగుతుంది. ఇండోనేషియాలో సరిగ్గా ఇదే జరిగి 1986లో వరి మీద 57 పురుగుమందులు నిషేధించారు. పైగా కోసేసిన చేలో కొట్టి లాభమేముంది, చేను పోయింది కాబట్టే అవి లైటు వెతుక్కుంటూ మీ ఇంటికి వస్తున్నాయి.

దాని విషం కథ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆ విషాన్ని పురుగు సొంతంగా తయారు చేసుకోదు, ఆడపురుగు ఒంట్లో కాపురముండే ఒక బాక్టీరియా చేస్తుంది. తల్లి దాన్ని గుడ్లకి పంచుతుంది, ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్ని వేటాడే సాలీళ్లు నోట పెట్టుకుని కూడా వదిలేస్తాయి. ఇటలీ శాస్త్రవేత్తలు 1953లో ఈ పదార్థాన్ని వేరు చేశారు, దాని నిర్మాణం తేల్చడానికి సుమారు 2.5 కోట్ల పురుగులు కావలసి వచ్చాయి. ఒక్కోదానిలో ఉండేది అంత కొంచెం, ఆ కొంచెంలోనే మన చర్మాన్ని పొక్కించేస్తుంది. 2022లో సిక్కింలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకి దాదాపు వందమందికి ఇలాగే వస్తే నైరోబీ ఈగ అని వార్తలొచ్చాయి. అది ఈగ కాదు, ఈ జాతి పెంకు పురుగే.

కోతల రోజుల్లో పడకగదిలో తెల్లటి లైటు సాయంత్రమే ఆపేయండి. వీధి అరుగు మీద లైటు కావాలంటే గుమ్మానికి దూరంగా పసుపుపచ్చ బల్బు పెట్టండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి, ముందు దుప్పటి, తలగడ దులపండి. ఒంటి మీద వాలితే కొట్టకండి, ఊదేయండి, లేదా కాగితం మీదికి ఎక్కించి బయట వదిలి ఆ చోటు సబ్బుతో కడగండి. బాబుకి కూడా ఒకసారి పురుగుని గోడ మీద చూపించి, చేత్తో ముట్టుకోవద్దని చెప్పండి. ఏప్రిల్‌లో దాళ్వా కోతలప్పుడూ ఇదే జాగ్రత్త.