ఇరుకు సందులో రోబోలకు దారి దొరకనప్పుడు

ప్రశ్న: గోదాములో సరుకు మోసే 20 రోబోలను సిమ్యులేటర్‌లో నడుపుతున్నాను. వరుస నంబరు ప్రకారం ఒక్కోటీ, అతి చిన్న దారిని వెతికే పద్ధతైన ఏ-స్టార్‌తో దారి వెతుక్కుంటుంది. ముందువాటి దారికి వెనకవి అడ్డు రాకూడదు. అయినా ఇరుకు సందుల్లో కొన్నిటికి దారే దొరకడం లేదు. ఎందుకండీ?

జవాబు: లోపం ఏ-స్టార్‌ది కాదు, మీరు పెట్టిన వరుసది. 1వ నంబరు రోబో గమ్యం సందు మధ్యలో ఉందనుకోండి. అది చేరి అక్కడే నిలిచిపోతే, అదే సందు దాటాల్సిన 7వ నంబరుకు ఇక దారి లేదు. 7 ముందు వెళ్తే రెండూ చేరతాయి. కాబట్టి మొదట వరుసను మార్చి మార్చి ప్రయత్నించండి. చాలాసార్లు ఇంతే చాలు.

గోదాము పటాన్ని గళ్లుగా విభజిస్తాం కదా, వెతుకులాట ఏ గడి అన్నదానికీ, ఏ క్షణం అన్నదానికీ కలిపి జరగాలి. 'ఆగు' కూడా ఒక అడుగే. పక్కపక్క గడుల్లోని రెండు రోబోలు ఒకే క్షణంలో చోట్లు మార్చుకోవడం కూడా ఢీకొనడమే. ఈ తనిఖీని చాలామంది మరిచిపోతారు.

అప్పటికీ కుదరకపోతే 2012లో షరోన్, స్టెర్న్, ఫెల్నర్, స్టర్టెవంట్ ప్రతిపాదించిన కాన్‌ఫ్లిక్ట్ బేస్డ్ సెర్చ్ వాడండి. అన్నిటికీ విడివిడిగా దారులు వేసి, మొదటి ఢీ దగ్గర రెండు కొమ్మలు చేస్తారు: ఒకదాంట్లో మొదటి రోబోకు ఆ క్షణాన ఆ గడి నిషేధం, రెండోదాంట్లో రెండో రోబోకు. నిషేధం పడ్డ రోబోకే కొత్త దారి. మొత్తం ఖర్చు (అన్ని రోబోల అడుగుల మొత్తం) తక్కువున్న కొమ్మను ముందు తెరవాలి. దొరికేది అతి తక్కువ ఖర్చు ప్రణాళికే, కానీ 20 ఢీలకు కొమ్మలు 10 లక్షలు దాటగలవు. అందుకే దీని సడలించిన రూపమైన ఈసీబీఎస్ 1.2 హద్దుతో మేలు. ఖర్చు కనిష్ఠం కంటే 20 శాతానికి మించదు.

నిజం రోబోల చక్రాలు జారి ఆలస్యమవుతాయి. అక్కడ గడియారాన్ని కాక, ఏ గడిని ఎవరి తర్వాత ఎవరు దాటాలన్న క్రమాన్ని పాటించండి.