ఇంటిపేరు వెతకాలంటే ముందు ఊరు వెతుకు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. పిల్లాడికి స్కూల్లో ఇంటిపేరు మీద ప్రాజెక్టు ఇచ్చారని, ఉప్పులూరి అంటే ఉప్పు అమ్మినవాళ్ళని ఎక్కడో చదివానని రాశావు. దయచేసి అది అట్ట మీద అంటించకండి. మనవాళ్ళు ఉప్పూ అమ్మలేదు, పప్పూ అమ్మలేదు. అది ఊరి పేరు.

మన ఇంటిపేర్లలో చాలావాటికి తోక చూస్తే చాలు. ఊరు కాస్తా ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది, పర్రు పర్తి అవుతుంది. గరికపాడు వాళ్ళు గరికపాటి, కాకరపర్రు వాళ్ళు కాకరపర్తి. తోకని వెనక్కి తిప్పితే ఊరు బయటపడుతుంది. బెల్లంకొండ లాంటివాటికి ఆ పని కూడా లేదు, పల్నాడులో ఊరు ఊరంతా ఆ పేరుతోనే ఉంది, బెల్లం గురించి కథ అల్లక్కర్లేదు. కరణం లాంటివి ఉద్యోగాన్ని బట్టి వచ్చినవి, అది వేరే లెక్క.

ఊరి పేరు తెలిసింది కదా అని కారెక్కేయకు. నేను అదే చేశాను. 'మనది కృష్ణా జిల్లా ఉప్పులూరు' అని మా నాయనమ్మ అంటుండేది. కంకిపాడు పక్కన ఆ పేరుతో ఊరుంది, నేరుగా అక్కడికి పోయి టీ కొట్టు దగ్గర 'ఇక్కడ ఉప్పులూరి వాళ్ళు ఎవరైనా ఉన్నారా' అని అడిగాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, 'ఇక్కడున్నోళ్ళందరం ఉప్పులూరోళ్ళమే, ఇంక ఆ పేరు ఎవడికి పెడతాం బాబూ, ఊరొదిలి పోయినోడికి గానీ' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నిజమే కదా! సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణి దగ్గర, సర్వేపల్లేమో నెల్లూరు జిల్లాలో ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది కర్ణాటకలో, మోక్షగుండమేమో పాత ప్రకాశం జిల్లాలో. ఇంటిపేరు నువ్వు ఉన్న ఊరు చెప్పదు, మీ పెద్దలు వదిలేసిన ఊరు చెబుతుంది. అందుకే ఓటర్ల జాబితాలు తిరగేసి ఆ పేరు ఎక్కడ గుంపుగా ఉందో చూస్తే, వలస వెళ్ళిన చోట్లే ఎక్కువ తేలవచ్చు.

పైగా ఆ ఊరు మనది కానే కాదు. ఇంటికొచ్చి ట్రంకు పెట్టె వెతికితే 1919 నాటి దస్తావేజు దొరికింది, సిరా గోధుమరంగుకి తిరిగిపోయింది. తాతయ్య వాళ్ళ నాన్న తెనాలిలో ఉంటూ ఎకరం ముప్పై సెంట్ల మాగాణి అమ్మిన కాగితం అది. పొలం ఎక్కడంటే 'కృష్ణా జిల్లా భీమవరం తాలూకా ఉప్పులూరు'. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడేదాకా భీమవరం కృష్ణా జిల్లాలోనే ఉంది! నాయనమ్మ మాట తప్పు కాదు, జిల్లాలు మారాయి. మన ఉప్పులూరు ఉండి అనే ఊరి దగ్గరిది. నువ్వు కూడా పాత కాగితంలో జిల్లా పేరు చూసినప్పుడు ఏ సంవత్సరమో చూసుకో. మన దగ్గర లేనివాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి అప్లై చేయొచ్చు, ఓపిక కావాలంతే.

ఇంకోటి, అక్కడ డల్లాస్‌లో కనబడిన ప్రతి ఉప్పులూరి వాణ్ణీ బాబాయ్ అనకు. ఒక ఊరు వదిలిన నాలుగు కులాల వాళ్ళకీ ఒకే ఇంటిపేరు రావచ్చు, ఊళ్ళే రెండున్నాయి మరి. గోత్రం అడుగు, ఆ తర్వాతే వరసలు కలుపు. వంశరాజులు అంటారే, మనం చిన్నప్పుడు పిచ్చుకుంట్లవాళ్ళు అనేవాళ్ళం, రెడ్ల ఇళ్ళకి వచ్చి గోత్రాలు, వంశాలు పాడేది వాళ్ళే, నీ స్నేహితుడు రెడ్డి గారికి అలాంటివాళ్ళు దొరికితే కాగితాల కంటే ముందు వాళ్ళనే కూర్చోబెట్టుకుని వినమను. మనకైతే పిండప్రదానంలో చెప్పే మూడు తరాల పేర్లే మొదలు. నాన్న, తాత, ముత్తాత పేర్లు మీ నాన్నని అడిగి ఈరోజే రాసిపెట్టు, వాడికి మతిమరుపు మొదలైంది.

దస్తావేజు ఫోటోలు రేపు వాట్సాప్‌లో పంపిస్తాను. సంక్రాంతికి వస్తే అసలుది చూపిస్తా గానీ, లామినేషన్ చేయిస్తానని మాత్రం అనకు.

మీ పెదనాన్న